బాబాయి అడిగిన పసుపు

గుంటూరులో బస్సెక్కేసరికే ఎండ చురుక్కుమంటోంది. మిర్చి సీజన్ కదా, యార్డు వైపు నుంచి గాలి తోలితే చాలు, బస్సులో అందరికీ తుమ్ములే. ల్యాబ్‌లో ముందు ఇంక్యుబేటర్ చూశాను. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. రాత్రి కరెంటు పోయిందన్నారు గానీ యూపీఎస్ ఆదుకుంది.

ఫ్లాస్కులో యూ87 కణాలు ఒత్తుగా పెరిగాయి. మెదడు క్యాన్సర్లలో బాగా మొండిదైన గ్లయోబ్లాస్టోమా మీద పనిచేసే ల్యాబుల్లో ఎక్కువగా వాడేవి ఇవే. 1960లలో స్వీడన్‌లోని ఉప్సలాలో ఒక పేషెంటు గడ్డ నుంచి పెంచడం మొదలుపెట్టిన లైన్ ఇది. కానీ ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నవి ఆ పేషెంటువి కావని 2016లో డీఎన్ఏ పోల్చి తేల్చారు. ఎవరివో తెలియదు. మైక్రోస్కోపులో చూస్తున్నప్పుడు ఆ తెలియని మనిషి గుర్తొస్తూ ఉంటారు నాకు.

ఇవాళ అసలు పని కర్క్యుమిన్ ప్లేటు. పసుపుకి ఆ రంగునిచ్చేది కర్క్యుమినే. నిన్న వేర్వేరు మోతాదుల్లో కణాలకిచ్చాను. ఇవాళ ఎంటీటీ అనే రంగు పదార్థం కలిపి, నాలుగు గంటలాగి, రంగు కొలిచే రీడర్‌లో పెట్టాలి. బతికున్న కణాలు ఎంటీటీని ఊదారంగుకి మారుస్తాయి. చిక్కల్లా ఏంటంటే, కర్క్యుమిన్‌కి సొంత రంగు ఉంది, పైగా ఇలాంటి పదార్థాలు కొన్ని కణాలు లేకపోయినా ఎంటీటీని ఊదా చేసేయగలవు. అందుకే ఒక వరుసలో కణాలు వెయ్యకుండా ఉత్త మీడియం (కణాలు పెరిగే ద్రవం), కర్క్యుమిన్ మాత్రమే ఉంచాను. ఆ వరుస లేని లెక్కని నేను నమ్మను.

ప్లేటు లోపల ఉండగానే దుగ్గిరాల నుంచి బాబాయి ఫోన్.

"అమ్మాయ్, మా పక్క కొట్టాయన బావమరిదికి తలలో గడ్డ తీశారంట. గ్లయో ఏదో అంటున్నారు. మళ్లీ వస్తదని కూడా చెప్పారంట. మీరు పసుపు మీదేగా చేసేది, ఆ మందు కాస్త ఇప్పించగలవా?"

పసుపు యార్డులో జీవితమంతా గడిపిన మనిషి. తమ ఊరి పంటలో ఒక ప్రాణం నిలబెట్టే గుణం ఉందేమోనని అడుగుతుంటే "చూద్దాంలే" అని ఫోన్ పెట్టేయడం నా వల్ల కాలేదు.

ప్లేటులో కణాలని చంపడం తేలికే బాబాయ్, ఉప్పు ఎక్కువైనా చస్తాయని చెప్పాను. నోటితో తీసుకున్న కర్క్యుమిన్ రక్తంలోకి చేరేదే చాలా తక్కువ. ఆపైన మెదడు రక్తనాళాల గోడలు చాలా మందుల్ని లోపలికి రానివ్వవు. గడ్డ మళ్లీ ఎందుకొస్తుందో కూడా అడిగాడు. కంటికి కనిపించే గడ్డ తీసేటప్పటికే కొన్ని కణాలు దూరంగా పాకిపోయి ఉంటాయన్నాను. 1928లో వాల్టర్ డాండీ అనే సర్జన్ ఇలాంటి పేషెంట్లకి మెదడు కుడి సగం మొత్తం తీసేసినా, రెండో వైపు మళ్లీ గడ్డ వచ్చింది. ఆ సంగతి బాబాయికి చెప్పలేదు. ఆ ఇంట్లోవాళ్లకి చేరుతుందని భయమేసింది.

చెప్పాల్సింది వేరే ఉంది. 2005లో వచ్చిన 573 మంది ట్రయల్‌లో ఉత్త రేడియేషన్ తీసుకున్నవాళ్లలో రెండేళ్ల తర్వాత బతికున్నది 10.4 శాతం. దానికి టెమోజోలమైడ్ మాత్ర కలిపితే 26.5 శాతం. నాకైతే ఇది చిన్న తేడా అనిపించదు. తెలియని మందుకి ఒప్పుకుని ట్రయల్‌లో చేరినవాళ్ల పుణ్యం అది. ఆ మాత్రలు మాత్రం ఆపొద్దని, పసుపు క్యాప్సూల్స్ డాక్టర్‌ని అడగకుండా మింగించొద్దని, కూరలో పసుపు మామూలుగా వేసుకోవచ్చని చెప్పాను.

"అయితే మన దాంట్లో లేదంటావ్."

"ఇప్పటికైతే లేదు బాబాయ్."

ఆ మాట అనేటప్పుడు గొంతు పట్టేసింది.

ప్లేటు తీశాక చూస్తే, అనుకున్నట్టే పెద్ద మోతాదులో కణాలు లేని వరుసకీ రంగు వచ్చింది. దాన్ని తీసేసి లెక్క కట్టాలి. సార్‌కి ఈ ఒక్క గ్రాఫ్ చూపించను. రేపు చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి, కణాలని చేత్తో లెక్కపెట్టి, రెండూ కలిపి ముందు పెడతాను.

సాయంత్రం బాబాయి మళ్లీ చేశాడు. ఎంజీఎంటీ అనే జన్యువు టెస్టు చేయించారేమో కనుక్కోమన్నాను కదా, ఆ పేరు చెప్పు, రాసుకుంటానన్నాడు. ఒక్కో అక్షరం చెప్పాను. ఆ జన్యువు మూతబడి ఉంటే మాత్ర బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. తీసిన గడ్డ ముక్క హాస్పిటల్లో భద్రంగా ఉంటే దాంతోనే చేస్తారు, దానికోసం మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదని కూడా వాళ్లకి చెప్పమన్నాను.