పురిటి ఇంట్లో పుణ్యాహం: నీళ్లను తల్లులన్న మంత్రం

బిడ్డ పుట్టిన పదకొండో రోజు పొద్దున, ఇంటి శుద్ధికి పురోహితులు మామిడాకుతో ఇల్లంతా నీళ్లు చల్లుతూ చదివే మంత్రం ఇది. సంధ్యావందనంలో మార్జనానికి, అంటే ఒంటిమీద నీళ్లు చల్లుకునేటప్పుడు, చెప్పేదీ ఇదే.

ఆపో హి ష్ఠా మయోభువస్తా న ఊర్జే దధాతన | మహే రణాయ చక్షసే ||
యో వః శివతమో రసస్తస్య భాజయతేహ నః | ఉశతీరివ మాతరః ||
తస్మా అరం గమామ వో యస్య క్షయాయ జిన్వథ | ఆపో జనయథా చ నః ||

ఋగ్వేదం పదో మండలం తొమ్మిదో సూక్తంలో మొదటి మూడు ఋక్కులివి. నీళ్లారా, మీరు సుఖాన్నిచ్చేవారు, మాకు బలమివ్వండి అని మొదటిది. బిడ్డకు పాలివ్వాలని ఆరాటపడే తల్లుల్లాగా మీలోని శుభమైన రసాన్ని మాకు పంచండి అని రెండోది. మూడోదాంట్లో ‘క్షయ’ శబ్దం ఉంది. పాపం నశించడమని ఒక అర్థం చెబుతారు. సంస్కృతంలో క్షయమంటే నివాసం కూడా. పురిటి ఇంటికి ఆ రెండో అర్థమే బాగా అతుకుతుంది. అదే ఋక్కు చివర ‘జనయథా’ అంటే పుట్టించడం. ఇల్లు, తల్లి, పాలు, పుట్టుక అన్నీ ఈ మూడు ఋక్కుల్లోనే ఉన్నాయి, అన్నిటికీ ఆధారం నీళ్లు. కాబట్టి బిడ్డ కోసం ఇల్లు సిద్ధం చేయడమంటే ముందు నీళ్ల సంగతి చూసుకోవడమే.

గోడలకు వెల్ల, రంగు వేయించాలనుకుంటే ఏడో నెల దాటకుండా ముగించాలి. నెలలు నిండాక రంగు వాసన ఇంట్లో ఉండకూడదు. పురిటి గదికి గాలీ వెలుతురూ వచ్చే గదినే ఇవ్వండి. మైల పేరుతో చెమ్మ పట్టిన వెనక గదిలోకి బాలింతను నెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. పది రోజుల పురుడులో ఉన్న మంచి ఏమిటంటే, వచ్చేపోయేవాళ్లు తగ్గి తల్లీబిడ్డలకు విశ్రాంతి దొరకడం. చీకటి గది అందులో భాగం కాదు.

పొత్తిగుడ్డలకు పాత నూలు చీరను మించింది లేదు. ఐదున్నర మీటర్ల చీరను పొడవునా పది భాగాలు, వెడల్పున రెండు భాగాలు చేస్తే సుమారు మూరెడు గుడ్డలు ఇరవై వస్తాయి. జరీ అంచు ముందే కత్తిరించేయాలి, గీసుకుంటుంది. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరేడు సార్లకు తక్కువ కాకుండా తడుపుతుంది కాబట్టి వానాకాలమైతే రెండు చీరలైనా కావాలి. గంజి పూర్తిగా వదిలేదాకా ఉతికి, ఎండలో ఆరేయాలి. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. పెట్టె అడుగు నుంచి తీసిన చీరకు కలరా ఉండల వాసన ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పసివాళ్లకు ఆ వాసన తగిలినా రక్తకణాలు విరిగి కామెర్లు ముదురుతాయి. లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే గాని తెలియదు. కలరా ఉండల మధ్య ఉన్న గుడ్డను పసిబిడ్డ దగ్గరకు రానివ్వకపోవడమే మంచిది.

సాంబ్రాణి మానక్కర్లేదు, మూసిన గదిలో బిడ్డను పెట్టుకుని వేయడం మానాలి. నిప్పుల నుంచి వచ్చే విషవాయువుకు వాసనే ఉండదు. ఖాళీ గదిలో వేసి, కిటికీలు తెరిచి, పొగంతా పోయాకే బిడ్డను తీసుకురండి. బొడ్డుకు పసుపూ నూనే ఏదీ రాయొద్దు, పొడిగా ఉంటే ఒకటి రెండు వారాల్లో తనే ఊడిపోతుంది. బిడ్డ పుట్టగానే చేసే జాతకర్మలో నెయ్యీ తేనె నాకించడం ఉంది. ఏడాది నిండేదాకా తేనె వద్దని వైద్యులు అంటున్నారు, మంత్రం చెప్పి బంగారం బిడ్డ చేతికి తాకించి ఊరుకోవచ్చు.

స్నానానికి తొట్టిలో ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలపాలి. తారుమారైతే చెయ్యి జారిన క్షణంలో ఒళ్లు కాలుతుంది. మోచేతితో చూస్తే గోరువెచ్చగా అనిపించాలి, అరచేతికి వేడి సరిగా తెలియదు.

ఇక అసలు మాట. ‘ఉశతీరివ మాతరః’ అని నీళ్లను తల్లులతో పోల్చి చదివే ఇళ్లలోనే, బాలింతకు నీళ్లు ఎక్కువిస్తే ఒళ్లు ఉబ్బుతుందని గ్లాసులు లెక్కపెట్టి ఇస్తారు! పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. నీళ్లు అందకపోతే నీరసం, మలబద్ధకం తప్పవు. పథ్యం పేరుతో కూరలు ఎన్ని తగ్గించినా, మంచం పక్కన కాచి చల్లార్చిన నీళ్ల చెంబు మాత్రం ఖాళీ కానివ్వకండి. ముర్రుపాలు పిండి పారబోయడం కూడా ఇలాంటిదే. ఆ రెండో ఋక్కుకు ఎదురు నడవడం.

పుణ్యాహవాచనానికి రోజు లెక్కలో గొడవ పడకండి. పుట్టిన రోజునే ఒకటిగా పట్టాలి. 9వ తేదీన పుడితే పదకొండో రోజు 19. అర్ధరాత్రి దాటాక, సూర్యోదయానికి ముందు పుడితే మాత్రం ఏ రోజు కింద లెక్కించాలో ఇంటి పురోహితుల ఆచారాన్ని బట్టి ఉంటుంది. ముందే అడిగి పెట్టుకోండి.

పళ్లెంలో కిలో బియ్యం పోసి మధ్యలో గుంట చేసి, రాగి చెంబు కదలకుండా నిలపాలి. నీళ్లు మెడ కింది దాకానే పోయాలి. అంచుదాకా నింపితే కొబ్బరికాయ పెట్టగానే పొంగి బియ్యం తడుస్తాయి. మామిడాకులు ఐదు, దర్భలు, గంధం, అక్షతలు, తమలపాకులు, వక్కలు దగ్గరుంచండి. యజమాని ‘పుణ్యాహం భవంతో బ్రువంతు’ అని అడిగితే బ్రాహ్మణులు ‘ఓం పుణ్యాహమ్’ అంటారు, మూడుసార్లు. ఆ నీళ్లనే గదుల్లో చల్లుతారు కాబట్టి కలశంలో పోసేవి కాచి చల్లార్చినవైతే మేలు, బిడ్డ మీద ఒకటి రెండు చుక్కలు చాలు. స్విచ్ బోర్డుల వైపు చల్లొద్దని పిల్లలకు ముందే చెప్పండి.

ఇరవై ఒకటో రోజు బారసాల. తెలంగాణలో తొట్టెల వేయడమంటారు. పళ్లెంలో పరిచిన బియ్యంలో తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాసి, బిడ్డ కుడి చెవిలో చెబుతాడు. ఉయ్యాల కొక్కేన్ని ముందురోజే నిండు బియ్యం బస్తా వేలాడదీసి పరీక్షించండి. చాలామంది ఇళ్లలో ఆ రోజే బాలింత చేత నూతిలో చేద వేయిస్తారు. నూతి గట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఉంచి, ఆమె చేదతో నీళ్లు తోడి తెస్తుంది. మూడు వారాలు గడప దాటని తల్లి మళ్లీ నీళ్ల దగ్గరకు వెళ్లేది అప్పుడే. నుయ్యి లేని అపార్టుమెంట్లలో కుళాయికే పసుపు కుంకుమ పెట్టి, బిందె సగమే పట్టిస్తున్నారు. సగం చాలు, ఆపరేషన్ అయిన తల్లి అయితే చెంబుడే.