ప్రొప్రైటర్‌గా ఉన్నవాడిని ఫర్మ్ ఎందుకు పెట్టానంటే

మాది ఖమ్మం. ఇళ్లు, చిన్న అపార్ట్‌మెంట్లు, అప్పుడప్పుడూ పంచాయతీరాజ్ పనులు చేస్తుంటాను. అన్నీ నా పేరు మీదే, ప్రొప్రైటర్‌షిప్. నా పాన్, దాని మీదే జీఎస్టీ, చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఒకటి, అంతే. టర్నోవర్ 2 కోట్ల లోపుంటే 8 శాతం లాభం చూపించి పన్ను కట్టేయొచ్చు, లెక్కల పుస్తకాల గోల ఉండదు. మా బావమరిది డబ్బు పెడతాను, సెల్లార్ ఉన్న అపార్ట్‌మెంట్ పట్టుకుందాం అని వచ్చాకే టెన్షన్ మొదలైంది.

వాడికి ప్రైవేట్ లిమిటెడ్ కావాలి. "బోర్డు మీద అలా ఉంటే ఆ లెక్కే వేరు బావా" అంటాడు. ఆడిటర్ గారు మాత్రం ఒక్కటే అడిగారు, చేసిన పనుల ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు ఎవరి పేరు మీద ఉన్నాయని. నా పేరు మీదే. కంపెనీ పెడితే చట్టం దృష్టిలో అది వేరే మనిషి, రేపు టెండర్‌లో పాత పనులు చూపించమంటే దాని దగ్గర ఏముంటుంది? అందుకే ప్రభుత్వ డిపార్ట్‌మెంట్ పనులు నా పేరు మీదే ఉంచేసి, ప్రైవేటు పనులకు మాత్రమే కొత్తది పెడదామనుకున్నాం.

ఎల్ఎల్‌పీ, అంటే పార్ట్‌నర్ల బాధ్యతకు హద్దు ఉండే పార్ట్‌నర్‌షిప్, అది కూడా చూశాం. సెల్లార్ తవ్వేటప్పుడు పక్కింటి గోడ కూలి క్లెయిమ్ వస్తే మన సొంత ఇంటి దాకా రాకుండా అది కొంత కాపాడుతుంది, నిజమే. కానీ బ్యాంకు అప్పిచ్చేటప్పుడు ఎలాగూ అందరి చేతా పర్సనల్ గ్యారంటీ రాయించుకుంటుంది, 40 లక్షల టర్నోవర్ దాటితే ఆడిట్, పని లేకపోయినా ఏటా ఫైలింగులు. మా సైజుకి అది ఎక్కువే అనిపించింది. మామూలు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పెట్టి, సైటుకి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అనే ఇన్సూరెన్స్ పాలసీ తీసుకున్నాం.

డీడ్ (పార్ట్‌నర్ల ఒప్పంద పత్రం) రాసుకుని ఊరుకోకండి, ఫర్మ్‌ని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. 1932 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ కాని ఫర్మ్, బిల్లు ఎగ్గొట్టిన పార్టీ మీద కోర్టుకెళ్లి వసూలు చేసుకోలేదు. మన లైన్లో ఇంతకంటే పెద్ద రిస్క్ ఏముంటుంది చెప్పండి.

అసలు వాదన డీడ్ దగ్గరే జరిగింది. సెంటరింగ్ షీట్లు, జాకీలు, మిక్సర్ నావి. వాడు పెట్టేది క్యాష్. విడిపోతే సామాను ఎవరిది? నాదేనని, ఫర్మ్ నాకు అద్దె కడుతుందని, ఏది ఎన్ని ఉన్నాయో లిస్టు రాసి వెనక అతికించాం. చెక్కు మీద ఇద్దరి సంతకాలూ ఉండాలన్నాను, వాడు కాస్త మొహం మాడ్చుకున్నాడు గానీ మా ఆవిడ ఊరుకోలేదు, అది వాళ్ల తమ్ముడైనా సరే.

పన్ను విషయానికొస్తే ఫర్మ్‌కి నేరుగా 30 శాతం, శ్లాబులు లేవు. 8 శాతం పద్ధతిలో వెళ్తే అందులోంచి పార్ట్‌నర్ల జీతాలు తీసేయడానికి లేదు, కాబట్టి ఇప్పుడు పుస్తకాలు రాయక తప్పడం లేదు. బిల్లు ఇచ్చేటప్పుడు పార్టీలు ముందే కోసి కట్టే పన్ను, టీడీఎస్, కూడా నా పేరు మీద 1 శాతం ఉండేది, ఫర్మ్ కాబట్టి 2 శాతం అయింది. పాత బిల్డర్ ఒకాయన మొన్న అలవాటుకొద్దీ ఫర్మ్ బిల్లుకి నా పాన్ మీదే 1 శాతం కట్టేశాడు, కరెక్షన్ వేయమని వెంటపడుతున్నాను.