మా అమ్మ గీసిన వరంగల్

మొన్న ఆదివారం అమ్మకు పాత క్యాలెండర్ కాగితం, పెన్ను ఇచ్చి నీకు తెలిసిన వరంగల్ గీయమ్మా అన్న. "నాకేం గీయొస్తది బిడ్డా" అనుకుంటనే కూసొని గంటసేపు గీసింది. ఎందుకడిగిననంటే కెవిన్ లించ్ అని అమెరికా ప్లానర్ ఒకాయన బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్‌ల ఉండేటోళ్లను మీ ఊరు గీయండని అడిగి, మనుషుల మనసుల ఊరు ఐదు తీర్ల నిలుస్తదని 1960ల బయటపెట్టిండు. మన మాటల్ల చెప్పాలంటే తొవ్వలు, అంచులు, వాడలు, చౌరస్తాలు, గుర్తులు.

అమ్మ ముందుగాల హన్మకొండ చౌరస్తా పెట్టింది, దానికెళ్లి తొవ్వలు తీసుకుంట వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, ఎంజీఎం దవాఖాన దాకా పోయింది, కాజీపేటకు జాగ సాలక కాగితం మూలకు పడ్డది. ఎంజీఎం కాడ పెన్నుతోని గుండ్రంగ రుద్దుకుంట "గీడ రోడ్డు దాటుడే పెద్ద పని" అన్నది. రైలు పట్టాలైతే ఎంత ఒత్తి గీసిందంటే కాగితం చిరిగింది. అవతల శివనగర్, ఖిలా అంటే పాత కోట. మా ఇంట్ల ఎప్పుడూ "పట్టాల అవతల" అనే అంటం, వానకు అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిండితే అవతలోళ్లు అవతలే ఆగిపోతరు. అంచు అంటే ఏందో నాకు ఆ చిరుగు చూసినంకనే సరిగ్గ తెలిసింది.

గీ లెక్కన చూస్తే కాకతీయులు 13వ శతాబ్దంలనే ఊరిని ఎంత తెలివిగ పెట్టిన్రో. బయట మట్టికోట, లోపట రాతికోట, దాని చుట్టు నీళ్ల కందకం, రాతికోటకు నాలుగు దిక్కుల నాలుగు దర్వాజలు, నడుమ నాలుగు కీర్తి తోరణాలు. ఏ దిక్కుకెళ్లి వచ్చినా ఎటు నిలబడ్డవో తెలుస్తది, బోర్డు అక్కర్లేదు. ఇప్పటికీ కోట లోపట జనం ఉంటున్నరు, బండ్లు ఆ దర్వాజల్లకెళ్లే పోతున్నయి.

ఇంక చెరువులు. అమ్మ భద్రకాళి చెరువును ఉన్నదానికన్న రెండింతలు పెద్దగ గీసింది, చిన్నప్పుడు చూసిందట అంత. గొలుసుకట్టు అంటే ఒకటి నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు పోవాలె, నడుమ నాలా ఇరుకైతే నీళ్లు ఇండ్లల్లకే వస్తయి. 2020 ఆగస్టుల హన్మకొండల కాలనీలకు కాలనీలు మునిగినయి, మా చిన్నమ్మోళ్ల ఇంట్ల బియ్యం డ్రమ్ము తేలింది, రెండు రోజులు మిద్దె మీదనే ఉన్నరు. అందుకే నాకు చెరువు అంచు అంటే రెయిలింగు, లైట్లు ఒక్కటే కాదు, నీళ్లు పోయే తొవ్వ గుడ.

అర్బన్ డిజైన్ అంటే ఊరి తొవ్వలు, జాగలు ఎట్లుండాల్నో గీసే పని, దాని పద్ధతి ఏందంటే ముందు ఊరిని తిరిగి చూసుడు, నడిచేటోళ్లను లెక్కపెట్టుడు, ఉండేటోళ్లను అడుగుడు, తర్వాత రెండు మూడు తీర్ల గీసి చూసుడు, కట్టినంక మళ్ల పోయి చూసుడు. మన కాడ అడుగుడు అనేది ఎక్కువగ ఊరి ప్లాన్ ముసాయిదా తయారైనంక అభ్యంతరాల రూపంలనే వస్తది, ఆ మ్యాపు చదువుడు అమ్మసొంటోళ్లకు ఎట్లయితది చెప్పండి. గీయమని ముందే ఒక కాగితం ఇస్తే ఎంజీఎం కాడ ఆ గుండ్రం ప్లానర్ కంట్ల పడుతుండె.

వచ్చే ఆదివారం మా గల్లీ ఆటో అన్నకు ఇస్త కాగితం, ఆయనకైతే కాజీపేట దాకా జాగ ఉండేటట్టు పెద్దది.