ఆరో తరగతికి బ్లెండెడ్ స్కూలు వెతికిన నా అనుభవం

మా పాపను ఈ ఏడు ఆరో తరగతిలో వేయాలి. తిరుపతిలో ప్రైవేటు స్కూళ్ల పాంప్లెట్లలో ఇప్పుడు గట్టిగా వినబడే మాట బ్లెండెడ్ లెర్నింగ్. కొంత పాఠం టీచర్ చెప్తారు, కొంత కంప్యూటర్లో పిలకాయలే చేసుకుంటారు. ఆధార్, టీసీ, ఫొటోల పని ఒక పూటలో అయిపోతుంది, దాని గురించి చెప్పేదేమీ లేదు.

ల్యాబ్ చూడబోతే ఏసీ చూసి మురిసిపోకండి. కంప్యూటర్లెన్ని, ఒక బ్యాచ్‌లో పిలకాయలెంతమంది అని అడగండి. 40 మందికి 20 సిస్టమ్‌లుంటే ఇద్దరికొకటి. మౌస్ పట్టుకున్నోళ్లు నేర్చుకుంటారు, పక్కనోళ్లు చూస్తారు. 40 నిమిషాల పీరియడ్‌లో లాగిన్ అయ్యేసరికే 10 నిమిషాలు పోతాయి. లాగిన్ ఎవరిది వాళ్లకుందా, క్లాసంతటికీ ఒకటేనా అన్నది తప్పకుండా తేల్చుకోండి. ఒకటే అయితే ఏ బిడ్డకు ఏం వచ్చిందో ఎవరికీ తెలియదు.

నన్ను బాధపెట్టింది ఆ తర్వాతి మెట్టు. ఒక స్కూల్లో, పేరు మూసేసి ఏదో ఒక బిడ్డకు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రిపోర్టు చూపించమని అడిగాను. కోఆర్డినేటర్ నాలుగు కుటుంబాల ముందర, "అది టెక్నికల్ సార్, మీకర్థం కాదు. ఇంతకీ మీరేం చదువుకున్నారు?" అన్నాడు. తెలుగులో అడిగినందుకే ఆ ప్రశ్న. లక్షకు దగ్గర ఫీజు అడిగేవాళ్లు తండ్రి అడిగిన దానికి జవాబు చెప్పాలి. నేను కదల్లేదు. చివరికి లెక్కల మేడమ్ వచ్చి ఓపిగ్గా తెరిచి చూపించారు.

అందులో మొదటి గడిలో '100 శాతం పూర్తి' అని పచ్చరంగులో ఉంది. తల్లిదండ్రులకు చూపించేది ఆ గడే. దానర్థం పాఠం చివరిదాకా నొక్కుకుంటూ పోయారని మాత్రమే. చూడాల్సినవి వేరే మూడున్నాయి: మొదటి ప్రయత్నంలోనే ఎన్ని ఒప్పు, ఒక్కో ప్రశ్నకు ఎన్ని సెకన్లు, హింట్ ఎన్నిసార్లు తీసుకున్నారు. నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు కళ్లు మూసుకుని నొక్కినా సగటున నాలుగింటికి ఒకటి ఒప్పవుతుంది. ఒప్పయ్యేదాకా మళ్లీ నొక్కనిస్తే అందరికీ అన్నీ ఒప్పే. భిన్నాల కూడికకు సగటున 4 సెకన్లు పట్టిందంటే ఆ బిడ్డ లెక్క చేయలేదు, ఊహించి నొక్కింది.

ఇంకోటి. 3/4 + 1/6 ఇస్తే చాలామంది పిలకాయలు పైవి పైవి, కిందివి కిందివి కలిపేసి 4/10 అంటారు. జవాబు 11/12. కంప్యూటర్ ఎర్రగీత పెట్టి ఇంకో లెక్క ఇస్తుంది. హారాలు సమానం చేయాలన్న సంగతే బిడ్డకు అందలేదని పట్టుకునేది నోటుబుక్కు చూసే టీచరే. అందుకే ఏ స్కూలుకెళ్లినా నా ప్రశ్న ఒకటే: ల్యాబ్‌లో వచ్చిన తప్పుల్ని మర్నాడు క్లాసులో ఎవరు తీసి చెప్తారు? దీనికి పీరియడ్ నంబరుతో సహా జవాబు చెప్పిన స్కూల్లోనే పాపను వేశాం. అక్కడ కంప్యూటర్ వారానికి రెండు పీరియడ్లే.

సిలబస్ కూడా పోల్చుకోండి. పుస్తకం స్టేట్‌ది, సాఫ్ట్‌వేర్ సీబీఎస్ఈకి చేసింది అయితే క్లాసులో ఒక పాఠం, తెరమీద ఇంకో పాఠం నడుస్తాయి. ఇంటి దగ్గరికైతే పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ యాప్ దీక్షలో పాఠాలు ఉచితంగా వస్తాయి, వీడియో 480పీలో పెడితే గంటకు సుమారు అర జీబీ. కేంద్రం 2020లో ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాల ప్రకారం 1 నుంచి 8 తరగతులకు ఆన్‌లైన్ క్లాసులు 30–45 నిమిషాలవి రోజుకు రెండు మించకూడదు. స్కూల్లో తెర ముందు కూర్చున్న రోజు ఇంట్లో మళ్లీ ట్యాబ్ ఇవ్వకండి.

ఇక డబ్బు. సాఫ్ట్‌వేర్‌కు విడిగా కట్టాలి, ఈఎంఐ ఉంది అంటే అక్కడే ఆగండి. చాలాసార్లు అది స్కూలు ఇచ్చే వాయిదా కాదు, మీ పేరున ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. పిల్ల మానేసినా వాయిదా ఆగదు. 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖే ఆటో డెబిట్ (ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకునే ఏర్పాటు) పెట్టుకోవద్దని తల్లిదండ్రులను హెచ్చరించింది. ఓటీపీ చెప్పకముందే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి, వడ్డీ, మొత్తం కట్టాల్సింది అందులో ఉంటాయి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు స్కూలుకూ, అప్పిచ్చిన కంపెనీకీ అప్పు రద్దు చేయమని రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అప్పిచ్చిన కంపెనీ 30 రోజుల్లో బదులివ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు. బ్యాంకులో ఆటో డెబిట్ ఒక్కటే ఆపించి ఊరుకుంటే అప్పు పోదు, బాకీ పడ్డట్టు సిబిల్లో, అంటే మీ అప్పుల రికార్డులో, ఎక్కుతుంది. అప్పు రద్దయిన కాగితం చేతికొచ్చాకే బ్యాంకుకు పోండి.