కొయ్యగిన్నె మీద గుర్తు, స్టీలు గిన్నె మీద పేరు: ఇంటి చదువులో నా అనుభవం

ఇంటి చదువును పరిశీలించే మా స్థానిక కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మనసులో ఉన్నది ఉన్నట్టు ఇప్పుడే రాయాలనిపించింది.

మేము దక్షిణ ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణంలో ఉంటున్నాము. పదేళ్ల అమ్మాయిని, ఏడేళ్ల అబ్బాయిని బడి మాన్పించి గత సంవత్సరం నుంచి ఇంట్లోనే చదివిస్తున్నాము. బడికి ఒక ఉత్తరం రాస్తే పేర్లు తీసేశారు. ఆ పని అంతటితో అయిపోయింది. పిల్లల వయసుకూ శక్తికీ తగిన చదువును పూర్తికాలం చెప్పించాలని 1996 నాటి విద్యాచట్టం కోరుతుంది కాని, బడులు అనుసరించే పాఠ్యప్రణాళికనే ఇంట్లోనూ అనుసరించాలని ఎక్కడా నిర్బంధించదు.

చరిత్రలో ఇంగ్లండును ఏలిన ట్యూడర్ వంశపు రాజుల కాలాన్ని ఎంచుకున్నాము. 1485 నాటి బోస్వర్త్ యుద్ధం మొదలు 1603లో మొదటి ఎలిజబెత్ మరణం దాకా వరుస అంతా, ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యల పేర్లతో సహా, పిల్లలకు వారంలో నోటికి వచ్చింది. అయితే మా అబ్బాయి, "రాజు సంగతి సరే, మిగిలినవాళ్లు ఏం తినేవాళ్లమ్మా?" అని అడిగిన రోజునే అసలు పాఠం మొదలైంది. బార్లీ, క్యాబేజీ, ఉల్లికాడల వంటి లీక్ కాడలు వేసి, ఆనాటి సామాన్యులు తిన్న పాటేజ్ అనే గంజివంటి కూర వండాను. అందులో బంగాళాదుంప లేదు, టమాటా లేదు. పిల్లలు ఆవకాయ అడిగితే, మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువాళ్లతో వచ్చిందనీ, అంతకుముందు మన వంటల్లోనూ కారమంటే మిరియాలేననీ చెప్పాను.

ఆ తరువాత పోర్ట్స్‌మత్ వెళ్లి ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్‌ను చూశాము. హెన్రీ చూస్తుండగానే 1545 జులై 19న మునిగిపోతే, 1982 అక్టోబరు 11న సముద్రం నుంచి పైకి తీసిన ఓడ అది. నావికుల పేల దువ్వెనలు, బూట్లు, వైద్యుడి పెట్టె అన్నీ అక్కడ ఉన్నాయి. వాటన్నిటికన్నా పిల్లలను కట్టిపడేసినవి కొయ్యగిన్నెలు. చదువురాని నావికులు ఎవరి గిన్నె వారిదని తెలియడానికి వాటి మీద తలా ఒక గుర్తు చెక్కుకున్నారు. "అమ్మమ్మ గిన్నెల మీద పేరున్నట్టే!" అని అమ్మాయి గట్టిగా అంది. బందరు నుంచి మా అమ్మ పంపిన స్టీలు గిన్నె మీద చుక్కలుగా కొట్టించిన పేరు దానికి గుర్తొచ్చింది. ఇంటికి రాగానే రెండు గిన్నెల బొమ్మలనూ పక్కపక్కన గీసి, కింద ఒక పేజీ రాసింది.

ఆ పేజీయే నాకు తలవంపులు తెచ్చిపెట్టింది. మా చదువు చూడడానికి ఇంటికి వచ్చిన కౌన్సిల్ అధికారిణి నోటుపుస్తకం తిప్పుతూ అక్కడ ఆగి, ఇది ఇంగ్లండు చరిత్ర కాదనీ, రెండు సంస్కృతులను కలగలపడమనీ అన్నారు. ఆ తరువాత, ఈ దేశపు రాజుల చరిత్ర చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటని పిల్లల ఎదుటే అడిగారు. నేను ఎం.ఏ. చరిత్రలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలిని. ఆ మాట ఆ క్షణాన నోట రాలేదు. చేతిలోని టీ కప్పు బల్లమీద పెట్టి ఊరుకున్నాను. అమ్మాయి రాజుల పేర్లన్నీ సంవత్సరాలతో సహా అప్పజెప్పింది కాని, ఆవిడ తల ఎత్తి చూడలేదు. ఆవిడ వెళ్లాక పిల్ల ఆ పేజీ చింపేయబోతే చేయి పట్టుకుని ఆపాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పరాయిదాన్నని అన్నందుకు కాదు, పదేళ్ల పిల్ల తన సొంత బుర్రతో కనుక్కున్న పోలికను తప్పని చెప్పినందుకు.

ఇంటికి రానివ్వడం తప్పనిసరి కాదని, రాతపూర్వకంగా నివేదిక పంపితే చాలని నాకు తరువాత తెలిసింది. కౌన్సిల్ వాళ్లు మీ ఇంటికి వస్తామంటే మర్యాదగా అదే రాసి పంపండి. ఫొటోలు పంపితే చాలని తోటి తల్లులు చెప్పే మాట వినకండి. నేను ఆ మాట విని మొదటి నివేదికలో ఫొటోలే పంపి నష్టపోయాను. రెండో నివేదికలో ప్రతి పనికీ తేదీ వేసి, దానివల్ల పిల్లలు ఏం నేర్చుకున్నారో పన్నెండు పేజీల్లో రాశాను. గిన్నెల పేజీని అందులో మొట్టమొదట పెట్టాను. చదువు సంతృప్తికరంగా ఉందని కౌన్సిల్ నుంచి మూడు వాక్యాల్లో జవాబు వచ్చింది.

ఇప్పుడు మేము ఎలిజబెత్ చివరి రోజుల్లో ఉన్నాము. 1600 డిసెంబరు 31న ఆమె ఈస్టిండియా కంపెనీకి అధికారపత్రం ఇచ్చింది. 1611లో ఆ కంపెనీ ఓడ గ్లోబ్ మచిలీపట్నం చేరింది. నిన్న పటం మీద పోర్ట్స్‌మత్ నుంచి బందరు దాకా దారం పరిచి, అమ్మమ్మ గిన్నెను ఆ చివర పెట్టినది మా అమ్మాయే.