ఏకపాత్రల ఆదివారాలు: ఈసారి సుబ్బి మాట్లాడుతోంది

ఈ ఏడాది మా పిల్లల ఏకపాత్రాభినయాలన్నీ గురజాడ నాటకం కన్యాశుల్కం నుంచే. అందరూ ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు. షరతు ఒక్కటే: నాటకంలోని డైలాగులు బట్టీపట్టి అప్పజెప్పకూడదు. పాత్ర గురజాడది, మాటలు మీవి.

అందుకే గిరీశాన్ని మొదట్లోనే పక్కన పెట్టాం. ఆయన మనసులో ఉన్నదంతా ఆయనే చెప్పేసుకున్నాడు, పిల్లలకి రాయడానికేం మిగల్చలేదు. ఎవరి పెళ్లి గురించి ఇంత గొడవో ఆ సుబ్బికి మాత్రం మాట్లాడే చోటే దాదాపు లేదు. పుస్తకం నోరు విప్పనివ్వని పాత్రలే పిల్లలకి బాగా కుదురుతున్నాయి.

జులై అంతా చదవడానికే సరిపోయింది. చదవడమంటే పైకి చదవడమే. 1897లో అచ్చు కాకముందే, 1892లో విజయనగరంలో ఆడేసిన నాటకమిది. మనసులో చదివితే ఆ యాస అందదు.

రాసే ముందు మూడు ప్రశ్నలు: ఎక్కడున్నావు? ఎవరితో మాట్లాడుతున్నావు? వాళ్ల నుంచి నీకేం కావాలి? రెండోది తేలకపోతే పెన్ను పట్టనివ్వను.

సుబ్బిని ఎంచుకున్న అమ్మాయి మొదట ఇలా రాసింది: "నా పేరు సుబ్బి. మా నాన్న అగ్నిహోత్రావధాన్లు. నన్ను లుబ్ధావధాన్లుకి ఇస్తామన్నారు." అది కథ చెప్పడం. రెండో ప్రశ్న మళ్లీ అడిగాను. చాలాసేపు ఆలోచించి, "అమ్మతో, మాస్టారూ. నూతిలోంచి తీశాక" అంది. ముసలి లుబ్ధావధాన్లుతో ఈ పెళ్లి వద్దని నాటకంలో ఆ తల్లి నూతిలో దూకుతుంది. ఇప్పుడు మొదలు ఇది: "అమ్మా, జుట్టింకా తడిగానే ఉంది. ఇలా తిరుగు, తుడుస్తాను." చేతిలో ఒక తువ్వాలు, అంతే. తుడుస్తూనే మాట్లాడుతుంది. "పద్దెనిమిది వందలంటే ఎన్నమ్మా?" అని తనకి కట్టిన వెల గురించి అడిగినచోట మాత్రం చెయ్యి ఆగుతుంది. ఇంకెక్కడా ఆగకూడదని గట్టిగా చెప్పాను. ఆ ఒక్క ఆగడంతో గదిలో అందరూ నిశ్శబ్దమైపోయారు. ఆ పిల్లని చూస్తే నాకెంత గర్వంగా ఉందో!

అమ్మ కూర్చుని ఉంటుంది కాబట్టి ఎదురు గోడకి, కూర్చున్న మనిషి కళ్లెత్తులో ఒక కాగితం అంటించాం. చూపు దాని మీదే. వినేవాళ్లని పక్కన ఊహించుకుంటే ప్రేక్షకులకి సగం ముఖమే కనిపిస్తుంది, అందుకే ఎప్పుడూ ఎదురుగానే పెట్టుకోమంటాను. మూడు నిమిషాలకి రెండు వందల యాభై మాటలు చాలు. అంతకు మించితే పరుగే. ఫోన్‌లో వీడియో వద్దు, ముందు ఆడియో తీసి వినిపించండి. వాక్యం చివర మాట మింగేస్తున్న సంగతి పిల్లలకే తెలిసిపోతుంది.

సుబ్బి పెళ్లి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుణ్ణే పెళ్లికూతురిగా చూపిస్తాడు. ఆ శిష్యుణ్ణి వేస్తున్న అబ్బాయికి పెళ్లికూతురి వేషం. చీర మొదటి రిహార్సల్ నుంచే కట్టిస్తున్నాం. నడక, కూర్చోవడం అన్నీ దాంతో మారిపోతాయి. నవ్వించాలని చూసినంతకాలం తేలిపోయింది. "దొరికిపోతానేమో" అన్న భయం పట్టుకున్నాక నవ్వు దానంతటదే వస్తోంది.

సుబ్బి అక్క, వితంతువైన బుచ్చమ్మ పాత్ర ఇంకా తేలలేదు. గిరీశాన్ని నిజంగా నమ్మిందా లేదా అని ఇద్దరమ్మాయిలు వాదించుకుంటున్నారు. ఇద్దర్నీ రాయమన్నాను. ఒకరిది గిరీశంతో ఇల్లు వదిలే ముందు, ఇంకొకరిది బండి దారి మళ్లాక. వచ్చే ఆదివారం రెండూ వెంటవెంటనే వేయించి చూస్తాం.