కూనూరు లోడు, తొప్పూరు దిగుడు

సోమవారం సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఫోను వచ్చింది. నీలగిరి కొండల్లో కూనూరు దగ్గర ఎవరో ఇల్లు కడుతున్నారట. గెలాక్సీ గ్రానైట్ పలకలు 2,500 చదరపు అడుగులు, గురువారం లోడింగు. "ఎక్కిస్తారా అమ్మా?" అన్నారు. కిరాయి బాగుంది. అయినా రేపు చెప్తానన్నాను.

మాది చీమకుర్తి. ఉన్నది ఒక్కటే బండి, ఆరు చక్రాలది, 2019లో ఫైనాన్సులో తీసుకున్నాం. స్టీరింగు మా ఆయనది, మరిదిది. కాగితాలూ లెక్కలూ నావి.

ముందు బరువు చూసుకున్నాను. 20 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకి సుమారు ఐదున్నర కిలోలు తూగుతుంది. 2,500 అడుగులంటే పదమూడు టన్నుల ముప్పావు. బండీ సరుకూ కలిపి మా ఆర్.సి.లో రాసిన మొత్తం బరువు 18.5 టన్నులు. పలకలు నిలబెట్టే ఇనప ఫ్రేముతో కలిపి ఖాళీ బండి ఆరు టన్నుల పైచిలుకు. అంటే టన్నున్నర ఎక్కువ. పట్టుబడితే 20,000 జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000, ఎక్కువున్న సరుకు అక్కడే దించాలి. రోడ్డు పక్కన పలకలు దించడమంటే సగం పగిలినట్టే. నేను 2,100 అడుగులే వేస్తామన్నాను. "అందరూ వేసుకెళ్తున్నారు కదమ్మా" అన్నారు. వేసుకెళ్లనివ్వండి, మా బండి మాత్రం వెయ్యదు అని చెప్పాను. మిగతాది ఇంకో బండికి ఇచ్చుకున్నారు.

నేనింత పట్టుబట్టడానికి కారణం కూనూరు ఘాట్ కాదు. కొత్తవాళ్లంతా మేట్టుపాళయం నుంచి పైకెళ్లే ఆ పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులను చూసే భయపడతారు. కానీ అక్కడ లోడుతో ఎక్కుతాం. ఎక్కేటప్పుడు బండి నెమ్మదిగా పోతుంది, అంతే. లోడుతో దిగేది ధర్మపురి దాటాక సేలం వైపు తొప్పూరు దగ్గర. నాలుగు వరసల మంచి రోడ్డు, కొండలా కనిపించను కూడా కనిపించదు. అందుకే అక్కడ అన్ని లారీలు బోల్తా పడ్డాయి.

నాలుగేళ్ల కింద మా ఆయన ఆ దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేశారు. న్యూట్రల్ చేస్తే ఇంజను బండిని పట్టదు, భారమంతా బ్రేకుల మీదే. కాలితో నొక్కుతున్నకొద్దీ బ్రేకు లైనింగు కాలిపోయి పట్టు వదిలేస్తుంది. మళ్లీ గేరు వెయ్యబోతే పడలేదట. రోడ్డు కొంచెం సాపయిన చోట పక్కకు లాగి హ్యాండ్ బ్రేకు వేస్తే ఆగింది. మరిది దూకి చక్రం కింద రాయి పెట్టాడు. అప్పుడే నేను ఫోను చేశాను. "వదినా, డ్రమ్ముల్లోంచి పొగొస్తోంది" అన్నాడు. వెనక మా ఆయన దగ్గు వినిపించింది, మాట మాత్రం లేదు. ఆ కాలిన లైనింగు వాసన మూడు రోజుల తర్వాత ఇంటికొచ్చిన చొక్కాకు కూడా ఉంది. ఉతికినా పోలేదు.

అప్పట్నుంచి ఘాట్ ఉన్న ప్రతి లోడుకూ ముందు రోజు బ్రేకు లైనింగు విప్పి చూపిస్తాను, బ్రేకుల గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదిలిస్తాను, ముందు చక్రాలకు రీబటన్ టైర్లు (అరిగిపోయాక పైన కొత్త రబ్బరు అతికించినవి) ఉండనివ్వను. చక్రం కింద పెట్టడానికి చెక్క దిమ్మలు రెండు క్యాబిన్‌లోనే ఉంటాయి. రాయి వెతుక్కోవడం ఒక్కసారి చాలు. పలకలు ఫ్రేముకు రెండు వైపులా సమానంగా నిలబెట్టారో లేదో నేనే వెళ్లి లెక్కపెడతాను. ఒక పక్క నాలుగు పలకలు ఎక్కువైనా మలుపులో బండి అటే ఒరుగుతుంది.

టైము కూడా ఇంట్లోనే తేల్చాం. ఒంగోలు, నెల్లూరు, నాయుడుపేట దాటి తిరుపతి మీదుగా చిత్తూరులో మొదటి రాత్రి. వేలూరు, కృష్ణగిరి దాటి తొప్పూరు పట్టపగలే దిగాలి, నాలుగో గేరు దాటకుండా. అవినాశిలో రెండో రాత్రి. మూడో రోజు తెల్లారాక ఘాట్ ఎక్కాలి. ఐదు గంటలు తోలితే అరగంట ఆగి తీరాలన్నది 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే ఉండేది. మా ఇంట్లో ఇప్పటికీ అదే చట్టం. శనివారం మధ్యాహ్నం లోపు అందదని పార్టీకి ముందే చెప్పేశాను. టైముకు ముందు మాటిచ్చేస్తే ఆ తొందరంతా డ్రైవరు కాలి మీద పడుతుంది.

కాగితాల్లో నేషనల్ పర్మిట్, ఇన్సూరెన్సు, ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పొల్యూషన్ అన్నీ తేదీలు చూసి ఒక ఫైల్లో పెట్టాను. ఫోన్లో చూపించినా చెల్లుతుంది గానీ ఘాట్‌లో సిగ్నల్ నమ్ముకోలేం. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం ఈ-వే బిల్లుకు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్క. వర్షానికి దారి ఆగితే గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు గానీ తర్వాత ఎనిమిది గంటల్లోపు గానీ పొడిగించుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూనూరు దారిలో మట్టి చరియలు విరిగిపడుతుంటాయి కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన మాట. నీలగిరి జిల్లాలో చిన్న ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నిషేధం, అందుకని స్టీలు క్యాన్ పెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు ఫోను చేశారు. "తొప్పూరు దిగాం. టీ తాగుతున్నాం."

"ఏ గేరులో దిగారు?" అన్నాను.

"మూడులో. వెనకవాళ్లు హారన్లు కొడుతూనే ఉన్నారు."

"కొట్టనివ్వండి. చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశారా?"

"తమ్ముడు చూశాడు. వెచ్చగా ఉన్నాయంతే."